ఎదురు రొమ్ము మీద చేతులు

మా వారికి గుండెపోటు వచ్చి తగ్గాక, న్యూజెర్సీలో మేముండే ఊరి ఆస్పత్రివాళ్ళు నన్నొక క్లాసుకి రమ్మన్నారు. తగ్గిపోయిన మనిషి కోసం పెళ్ళానికి నేర్పడమేమిటి? నా దగ్గర ఏదో దాస్తున్నారనుకున్నాను.

క్లాసులో నేల మీద రబ్బరు బొమ్మ. మాస్టారు దాని ఎదురు రొమ్ము మీద రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా మోపి నొక్కాడు.

"ఇలా నొక్కితే ఆగిన గుండె కొట్టుకుంటుందా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

చాలాసార్లు కొట్టుకోదన్నాడు! మరెందుకు ఈ తతంగమంతా? మనిషి అలా పడిపోయినప్పుడు గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతూ ఉంటుందట. నొక్కితే అందులోని రక్తం ముందుకు తోసుకుపోతుంది, వదిలితే మళ్ళీ నిండుతుంది. అలా మెదడుకీ గుండెకీ కాస్త రక్తం అందుతూ ఉంటే, అంబులెన్సువాళ్ళ కరెంటు మిషను ఆ వణుకుని ఆపుతుంది, గుండె తనంతట తాను మొదలెడుతుంది. రక్తం అందకుండా ఎండిపోయిన గుండెకి కరెంటు పెట్టినా లేవదట. పడిపోయిన మనిషి నోట్లో నీళ్ళు మాత్రం పోయొద్దన్నాడు. అదీ నాకు అనుమానంగానే ఉంది.

ఆ వేసవిలో మా పెద్దాడపడుచు ఇండియా నుంచి వచ్చింది. ఒక ఉదయం కాఫీ తాగుతూ తాగుతూ మా వారు కుర్చీలోంచి జారిపోయారు. పలుకు లేదు, ఊపిరి లేదు. అంబులెన్సుకి ఫోన్ చేసి, ఆయన్ని వెల్లకిలా తిప్పి నొక్కడం మొదలెట్టాను. క్లాసులో చూపించినట్టే మధ్యమధ్య నోట్లో ఊపిరి ఊదాను. చేతుల కింద ఎముక పుటుక్కుమంది.

"వాణ్ణి చంపేస్తున్నావే!" అంటూ వదిన దేవుడి దగ్గరి గంగనీళ్ళ చెంబు పట్టుకొచ్చింది. "లే అవతలికి! పోయేవాడి గొంతులో చుక్కయినా పడనీ."

"పోలేదు వదినా! చెంబు అవతల పెట్టండి!"

"పోలేదని నీకెలా తెలుసు?"

తెలీదు. ఆ మాస్టారు చెప్పింది నిజమో కాదో కూడా తెలీదు. మోచేత్తో ఆవిణ్ణి తోశాను. చెంబు దొర్లిపోయింది. నేను నొక్కుతూనే ఉన్నాను.

అంబులెన్సువాళ్ళొచ్చి మిషను పెట్టారు. ఆయన ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. నాడి దొరికిందన్నారు.

ఆస్పత్రిలో వదిన నన్ను పక్కకి పిలిచింది. "మిషనేగా బతికించింది? నువ్వు చేసిందల్లా ఎముక విరగ్గొట్టడమేగా?"

ఆ మిషను వచ్చేదాకా గుండెలో ప్రాణం నిలబడాలి కదా అని చెప్పాను. నమ్మలేదు. ఇండియా వెళ్ళేదాకా, ఆయన దగ్గి పక్కటెముక పట్టుకున్నప్పుడల్లా ఆవిడ నావైపే చూసేది.