పొదుగుడు గంపలోంచి తెచ్చిన ఐదు గుడ్లు

సిరిసిల్లలో నా చిన్నప్పుడు కోడిగుడ్డు రోజూ తినే వస్తువు కాదు. జ్వరం నుంచి లేచినవాళ్లకు ఒకటి ఉడకబెట్టి ఇచ్చేవారు. చుట్టం వస్తే, మరుగుతున్న చింతపండు పులుసులో కొట్టి వేసేవారు. మా నాయనమ్మ గుడ్లన్నీ ఊకబుట్టలో దాచేది.

ఒక మధ్యాహ్నం ముస్తాబాద్ నుంచి మా మేనమామ వచ్చాడు. నాయనమ్మ ఊళ్లో లేదు, అమ్మ మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనికి పోయింది. మామకు నేనే వండిపెట్టాలని పదేళ్ల నాకు పట్టుదల పుట్టింది. ఆయన స్నానానికి వెళ్లగానే పులుసు పొయ్యి మీద పెట్టాను. బుట్టలో నాలుగే గుడ్లున్నాయి. చాలవనిపించింది. పొదుగుడు కోడి గింజలకు బయటికి పోయి ఉంటే, దాని గంపలోంచి మరో ఐదు తెచ్చాను. వాటి మీద బొగ్గు గీతలు కనిపిస్తే మురికి అనుకుని కడిగేసి, అన్నీ ఒకే గిన్నెలో పెట్టాను.

చింతపండు అడగడానికి వచ్చిన పక్కింటి అక్క ఆ గిన్నె చూసి, "గిన్ని గుడ్లు ఏడివే?" అంది. చెప్పాను.

"అయ్యో, గవి నాయినమ్మ పొదుగ వెట్టినయే! పన్నెండు దినాలాయె. అండ్ల పిల్లలున్నయి."

పొదుగుతున్న గుడ్లలో అప్పటికే పిల్లలుంటాయని నాకు తెలియదు. తొమ్మిదీ ఒక్కలాగే ఉన్నాయి. ఏడుపు ఆగలేదు.

"ఏడ్వకు చెల్లె. ఇంక ఒక్కటి గూడ కొట్టలే గదా. తలుపు దగ్గరికెయ్యి."

చీకటైన గదిలోకి పెంకుల సందులోంచి ఎండ సన్నగా పడుతోంది. అక్క ఒక్కో గుడ్డునూ వేళ్ల మధ్య బిగించి ఆ వెలుతురుకు అడ్డం పెట్టింది. మొదటిది లోపలంతా తేటగా మెరిసింది. రెండో దానిలో ఎర్రటి సన్నని నరాలు, నడుమ ఒక నల్లటి మచ్చ. ఆ మచ్చ కదిలింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అలా ఐదూ దొరికాయి. అక్క వాటిని తుడిచి, పొదుగుడువని గుర్తుకు మళ్లీ బొగ్గు గీతలు గీసి గంపలో పెట్టింది. కోడి వచ్చి ముక్కుతో గుడ్లను అటూ ఇటూ జరిపి, రెక్కలు పరిచి కూర్చుంది. మిగిలిన నాలుగూ నేనే పులుసులో కొట్టి వేశాను. నాలుగు గుడ్ల పులుసే మామ మారు వేయించుకుని తిన్నాడు.

తొమ్మిది రోజులకు నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. ఒకటి పోవడం మామూలేనంది నాయనమ్మ. పక్కింటి అక్క ఎవరికీ చెప్పలేదు. పిల్లలను చూశాక ధైర్యమొచ్చి నేనే అంతా చెప్పేశాను.

ఇప్పుడు మా ఇంట్లో గుడ్లు ట్రేల లెక్కన వస్తాయి. మనవరాలు ఏదైనా పాడుచేసి బిక్కముఖంతో నా దగ్గరికి వస్తుంటుంది. నేను గొంతు పెంచను. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకా ఏం మిగిలిందో ఇద్దరం కలిసి చూస్తాం.