తాత నోటి తప్పెట

ఆదోని మార్కెట్ దగ్గర బండి మీద శనక్కాయలు ఉడికే వాసన తగిలితే నా బొటనవేళ్లు ఇప్పటికీ సలుపుతాయి. మా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో, తొలకరికి ముందు, రైతులు విత్తనాల కోసం శనక్కాయల మూటలు ఇంటికి పంపేవారు. వసారాలో కుప్ప చుట్టూ కూర్చుని, ఎర్రదుమ్ముకు తుమ్ముతూ, ఎండ దిగేదాకా తాత, నేను, చెల్లెలు మార్త ఒలిచేవాళ్లం. మేకుకు తాత తప్పెట, ముఖం గోడవైపు తిప్పి, వేలాడేది. ఒకప్పుడు అది లేనిదే జాతర కదిలేది కాదట. బాప్తిస్మం పొందిన రోజున, ఇక దాన్ని చేత్తో ముట్టనని తాత సంఘం ముందు మాటిచ్చాడు.

ముట్టలేదు కూడా. కానీ ఒలిచేటప్పుడు "డంకణక డణ్, డంకణక డణ్" అని నోటితో అనేవాడు. మార్త ఆ దెబ్బలోకి కంఠతా పట్టాల్సిన బైబిలు వాక్యాలను ఇమిడ్చి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది.

"మాటిచ్చినావు కదా తాతా?" అన్నాను ఒకసారి.

"సేత్తో ముట్టనన్న్యా. నోటితో అననని యాడ సెప్పినా?" అని నవ్వాడు.

ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చిలో రంగుకాగితాల నక్షత్రం కింద, కొత్తబట్టల గంజి వాసనలో, కజ్జికాయలు పంచకముందే, వాక్యాల పోటీ పెట్టారు. మార్త మొదలుపెట్టిన రెండో వాక్యానికే ముసలివాళ్ల కాళ్లు కదిలాయి. సంఘపెద్ద అయిన మా నాయన పాదం కూడా ఆడటం నేను చూశాను. అందరికన్నా ముందు లేచింది ఆయనే.

"జాతర దెబ్బ ఇది. ఎవరు నేర్పించినారే?"

మార్త నోరు విప్పలేదు. నిజం దాచడమూ అబద్ధమేనని నేర్చుకున్న నేను లేచి, "తాత" అన్నాను.

శిక్షగా ఈస్టరు వరకు తాతను, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం తనను దాటిపోతుంటే, వెనక వరసలో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు.

"యేసయ్య నీకు నోరిచ్చింది సాడీలు సెప్పేకేనా?" అంది మార్త. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఈస్టరుకు బల్లలో చేర్చుకున్నారు గానీ తాత నోట ఆ దెబ్బ మళ్లీ రాలేదు. మరుసటి వేసవి, కుప్ప ముందు ముగ్గురం మౌనంగా ఒలుస్తుంటే, మార్తే మెల్లగా "డంకణక" అంది. తాత తలెత్తలేదు. వేళ్లు మాత్రం ఆ లయలోకి వెళ్లిపోయాయి.

పెద్దయ్యాక మార్త ఆదోనిలో డిగ్రీ చదువుతూ, గోనెగండ్ల చేలల్లో పత్తి తీసే ఆడవాళ్ల మాటల్ని మా యాసలోనే ర్యాప్‌గా కట్టి, ఫోన్లో తీసి నెట్‌లో పెట్టింది. ముందు నవ్వినవాళ్లే తర్వాత ఒకరికొకరు పంపుకున్నారు. బెంగళూరు, హైదరాబాదు వేదికలయ్యాక, మొన్న ఆదోనిలో పాడటానికి వచ్చింది.

ఇప్పుడు శనక్కాయలు మిషన్ ఒలుస్తుంది. తప్పెటలకు ప్లాస్టిక్ తోలు, మంట మీద కాచే పని లేదు. తాత లేడు, ఆయన తప్పెటను చెదలు తినేశాయి. నాయన తర్వాత సంఘపెద్దగా రొట్టె పళ్లెం నా చేతికి వచ్చింది. మాటిచ్చినవాడు మాటకు కట్టుబడాలనే నేను ఇప్పటికీ నమ్ముతాను. తాత మీద ఇచ్చిన ఆ తీర్పును మాత్రం ప్రార్థనలో ఎన్నిసార్లో దేవుని ముందు పెట్టాను.

వేదిక మీద మార్త వాద్యాలన్నీ ఆపించి, మైకు దగ్గరికి జరిగి, "డంకణక డణ్" అంది. మైదానమంతా అందుకుంది. నా పాదం ఆడింది, ఆపలేదు. ఎవరు నేర్పించారని ఈసారి ఎవరూ అడగలేదు. పక్కన నిలబడ్డ కుర్రాడి భుజం తట్టి నేనే చెప్పాను, "మా తాత" అని.