అమ్మ సీటు కింద పొగ

మాది మలేసియాలోని సుంగై పెటాని. సిగరెట్లు మానడానికని, అమ్మకు తెలియకుండా వేప్ అనే బ్యాటరీ సిగరెట్ మొదలుపెట్టాను. ఒకరోజు ఆవిరి ఎక్కువ రావాలని, అందులో ద్రవాన్ని వేడిచేసే కాయిల్‌ను తక్కువ రెసిస్టెన్స్‌ది కొంటుంటే షాపతను హెచ్చరించాడు.

"ఇది కరెంటు ఎక్కువ లాగుతుంది. మీ పాత మెషిన్ తట్టుకోలేదు, దీనికి సరిపడే కొత్తది తీసుకోండి."

నేను వినలేదు. పాతదానికే కాయిల్ బిగించి వోల్టేజి పెంచాను.

మర్నాడు అమ్మను కళ్ల డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్తూ, ఆమె చూడకూడదని దాన్ని గుడ్డసంచిలో చుట్టి ఆమె సీటు కిందకు తోశాను. సంచిలో బటన్ నొక్కుకుపోయినట్టుంది.

"ఏట్రా, వైరు కాల్తన్న వాసనొస్తంది?" అంది అమ్మ. అంతలోనే బుస్సుమని చప్పుడై, ఆమె కాళ్ల మధ్య నుంచి నల్లటి పొగ లేచింది.

కారు పక్కకు ఆపాను. ఎంత లాగినా అమ్మ సీటుబెల్టు ఊడి రాలేదు. అమ్మ దగ్గుతూ నా చొక్కా పట్టుకుంది. మూడోసారికి బెల్టు ఊడింది. ఆమెను బయటకు లాగి, సంచిని కాలితో రోడ్డు మీదికి తన్నాను. అది అక్కడే భగ్గుమంది.

చీర అంచు కాలింది తప్ప అమ్మకు ఏమీ కాలేదు. నేను నిజం చెప్పాక, కాలిన అంచును చేతిలోకి తీసుకుని చూసుకుంది.

"నాను తిడతానని బయపడి, నన్నే కాల్సేసీవోడివి కదరా" అంది.

షాపతని మాట విననందుకు కాదు, దాన్ని అమ్మ కింద దాచినందుకే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.