దేవసహాయం ఫ్లెక్సీలు

గరిడేపల్లి ట్రాక్టర్ మెకానిక్ దేవసహాయానికి ఉన్నది ఒకటే పిచ్చి. నేల మీద నూనె చుక్క పడకూడదు. ఇంజను ముక్కలైనా పరవాలేదు, పానా జారి కాలి మీద పడినా పరవాలేదు, చుక్క మాత్రం పడకూడదు.

మెకానిక్ అంటే మెడ దాకా నల్లగా ఉండాలి కదా. ఈయనది తెల్ల చొక్కా. ఆదివారం చర్చికి వేసుకెళ్ళిన చొక్కాతోనే సోమవారం ట్రాక్టర్ కిందికి దూరి, దాన్ని అంతే తెల్లగా బయటికి తెస్తాడు. కొత్త రైతులు షెడ్డు ముందు నిలబడి, "మెకానిక్ ఎప్పుడొస్తడు సారూ?" అని ఆయన్నే అడుగుతారు.

బోల్టు ముట్టుకునే ముందు ఫ్లెక్సీ పరవాలి. షెడ్డు మూలన పాత ఫ్లెక్సీల చుట్టలు గుట్టగా ఉంటాయి. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు. అందులోంచి ఒకటి ఏరడానికి ఆయన పట్టుచీర ఎంచినంత సేపు చేస్తాడు. ఏరి, బొమ్మ ఉన్న వైపు కిందికి తిప్పి వేస్తాడు.

"బొమ్మ పైకుంటే ఏమైతదన్నా?" అని ఒక రైతు అడిగాడు.

"ఎవరి మొకం మీదనన్న నూనె కారిందనుకో. రేపు ఆయన ఎదురుపడితే నాకే సిగ్గయితది."

ఇంతకీ చుక్క పడితే ఏమవుతుందని అడిగితే కారణం మనిషికొకటి చెబుతాడు. ఒకరికి, "చీమలు జారి పడతయ్." ఇంకొకరికి, "భూమికి నూనె పడదు, దద్దుర్లొస్తయ్." ఆత్మకూరు పెద్దమనిషి ఒకాయన గట్టిగా నిలదీస్తే, "మా పాస్టరు గారు చెప్పిండు" అన్నాడు. ఆ పెద్దమనిషి పట్టు వదలకుండా వెళ్ళి పాస్టరు గారినే అడిగాడు. పాస్టరు గారు చాలాసేపు నెత్తి గోక్కున్నారట.

ఈ పిచ్చిని అస్సలు భరించలేనివాడు ఉపేందర్. అదే ఊరి కుర్ర రైతు, టీ చల్లారేదాకా కూడా ఆగలేని మనిషి. అలాంటివాడు కోతల్లో ఒకరోజు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ముందు, ట్రాక్టర్ల వరసలో ఇరుక్కుపోయి ఉన్నాడు.

ట్రాలీలో ఉన్నవి పచ్చి వడ్లు. కోతమిషను దించినవి దించినట్టే తెచ్చాడు. కుప్పలోకి చెయ్యి దూరిస్తే లోపల జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతోంది. ఈ పూట దించకపోతే ముక్కిపోతాయి. ముక్కిన వడ్లను మిల్లువాళ్ళు వాసన చూసి వెనక్కి పంపేస్తారు. ఎందుకైనా మంచిదని ఒకసారి ట్రాలీ లేపి చూశాడు. హైడ్రాలిక్ మూలిగింది కానీ ట్రాలీ లేవలేదు. నూనె వడకట్టే ఫిల్టరు పూడుకుపోయింది.

మిల్లు గుమాస్తా అది చూసేశాడు. "నీ వంతొచ్చినంక లేవకపోతే పక్కకు గుంజి, లైను తోక కాడికి పోవాలె" అన్నాడు. తోక ఎక్కడుందో ఉపేందర్‌కి కనిపించనైనా లేదు. సూర్యాపేట వైపు మబ్బు మాత్రం బాగా కనిపిస్తోంది.

ఫోను చేస్తే దేవసహాయం మోపెడ్ మీద వచ్చాడు. హ్యాండిలుకు కొత్త ఫిల్టరు, వెనక సీటుకు రెండు ఫ్లెక్సీ చుట్టలు. ఆ చుట్టల్ని చూడగానే ఉపేందర్ రెండు చేతులూ జోడించాడు.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఇయ్యాల జర ఫ్లెక్సీ లేకుంట కానియ్యి."

దేవసహాయం వినలేదు. గేరుబాక్సు మీద అరచెయ్యి ఆనించి, పిల్లాడి నుదురు చూసినట్టు చూశాడు. "లోపల నూనె కాగుతున్నది. చల్లారనియ్యి."

"మబ్బొస్తున్నదే."

"వేడి నూనె నీళ్ళ లెక్క ఉరుకుతది. చల్లారితే బుద్ధిగ ఉంటది. నువ్వు ముందు చక్రాలు గా పల్లంలకు దించు. నూనె ముందుకు పోతది, ఫిల్టరు కాడ తక్కువైతది."

ఉపేందర్ దించాడు. చక్రాలకు రాళ్ళు పెట్టాడు. గేటు వైపు ఒకసారి, మబ్బు వైపు ఒకసారి చూసి చూసి మెడ పట్టేసింది. దేవసహాయం తీరిగ్గా ఒక ఫ్లెక్సీని ఫిల్టరు కింద బోర్లా పరిచాడు. రెండోది కడిగి ఆరేసినంత శుభ్రంగా ఉంది. దాన్ని ఎక్కడో దూరంగా, ట్రాలీ వెనక డోరు కింద వెల్లకిలా పరిచాడు. అందులోంచి ఎవరో కొత్త దంపతులు ఆకాశంలోకి నవ్వుతున్నారు.

"గాడ నూనె యాడున్నదన్నా?"

"నూనెకు ఇల్లుంటదా తమ్మీ? యాడికైనా పోతది."

వెనక ట్రాక్టర్ మీంచి కోదాడ డ్రైవర్ నగేష్ దిగి వచ్చాడు. "ఏంటండీ ఇది, ఫిల్టరు మారుస్తున్నారా, పెళ్ళి పందిరి వేస్తున్నారా?"

"మంచిగొచ్చినవ్. గీ తట్ట పట్టుకో" అన్నాడు దేవసహాయం. నవ్వడానికి వచ్చిన నగేష్ తట్ట పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

ముందున్న ట్రాక్టర్ గేటు లోపలికి కదిలింది. ఉపేందర్ గుండె దాని వెనకే వెళ్ళింది.

అప్పటికి నూనె చల్లారింది. దేవసహాయం ఫిల్టరును పట్టీతో కొంచెం వదులు చేశాడు. దానికి కింద నుంచి మందమైన ప్లాస్టిక్ కవరు తొడిగి, మూతి చుట్టూ ట్యూబు రబ్బరు బిగించాడు. తర్వాత కవరు మీంచే మెల్లగా తిప్పాడు. ఫిల్టరూ, దాని వెంట వచ్చిన నూనే కవరులోకి జారాయి. దాన్ని తట్టలోకి దించాడు. చొక్కా తెల్లగానే ఉంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో నూనె రాసి, చేత్తోనే బిగించాడు. వేలు దేనికి తుడవాలా అని అటూ ఇటూ చూసి, నగేష్ తువ్వాలకు తుడిచాడు.

"నీ వంతు" అని గుమాస్తా కేకేశాడు.

"ఆగు, ఒకసారి లేపి సూడు" అన్నాడు దేవసహాయం.

"లోపల లేపుత గదనే."

"గాలి పోవాలె. లేపు."

ఉపేందర్ పళ్ళు కొరుకుతూ లేపాడు. ట్రాలీ సులువుగా లేచింది. డోరు సందుల్లోంచి వడ్లు సన్నగా జారి, కొత్త దంపతుల మీద అక్షింతల్లా పడ్డాయి. ట్రాక్టరు కదిలాక ఉపేందర్ వెనక్కి తిరిగి చూశాడు. దేవసహాయం ఆ ఫ్లెక్సీని నాలుగు మూలలూ పట్టి ఎత్తుతున్నాడు. చీపురు, చేట పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. ఆమె సాయమ్మ. మిల్లు ముందు రాలిన గింజలు ఊడ్చుకుని బతికే మనిషి. దేవసహాయం ఫ్లెక్సీలో గింజలన్నీ ఆమె చేటలో పోశాడు.

"నూనె కంపు లేదు గద బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. వాసన సూసుకో."

"మొన్న ఇంకో మెకానిక్ వచ్చి అంత కారవోసి పోయిండు. ఆ బియ్యం తిన్నన్ని దినాలు నా మనుమడు ట్రాక్టర్ లెక్క సప్పుడు చేసుకుంట తిరిగిండు."

వడ్లు మిల్లు షెడ్డులోకి దిగాక వాన మొదలైంది. గేటు బయట ఖాళీ ట్రాలీ పక్కన, తడుస్తూనే ఉపేందర్ అడిగాడు. "చీమలన్నవ్ గదనే?"

దేవసహాయం ఫ్లెక్సీ చుట్టుకుంటున్నాడు. "మా అమ్మ గిట్లనే ఊడ్సుకొచ్చి వండేది. నూనె పడ్డ గింజ ఎన్ని నీళ్ళు పోసి కడిగినా వాసన పోదు తమ్మీ."

"గీ ముక్క అందరికి చెప్తే ఏమాయె?"

"గుమాస్త చెవుల పడితే రాలిన గింజ గూడ మిల్లుదే అంటడు. చీమలంటే నవ్వి పోతడు."

మళ్ళీ కోతలొచ్చాయి. అదే మిల్లు, అదే వరస, వెనక అదే నగేష్. ఉపేందర్ ట్రాక్టర్ దిగి, ట్రాలీ డోరు కింద ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ ఒకటి పరిచాడు. హైడ్రాలిక్ బాగానే ఉంది. అయినా ఒకసారి ట్రాలీ లేపాడు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి లేపాడు.

నగేష్ తువ్వాలను భద్రంగా వెనక్కి దాచుకుని వచ్చాడు. "మళ్ళీ ఫిల్టరు పోయిందా? ఆ ఫ్లెక్సీ ఎందుకు?"

గుమాస్తా కూడా తల తిప్పి ఇటే చూస్తున్నాడు. ఉపేందర్ చాలా గంభీరంగా మొహం పెట్టి అన్నాడు.

"చీమలు జారి పడతయ్ అన్నా."