ఎదురింటివాళ్ళ రంగు

మా ఇంటి అవతలి సగంలో ఉండే సిస్టరమ్మగారు దీపావళి వెళ్ళిన వారానికి పోయారు. కబురు తెచ్చినవాడు పాలవాడు. ఆమె తలుపు కొట్టి కొట్టి, చివరికి మా గుమ్మం ముందు క్యాను దించి, "బాబూజీ, దీదీ దర్వాజా నై ఖోలత్ హే" అన్నాడు, తలుపు తీయడం లేదని. అప్పుడే నాకు అర్థమైంది. వాడు వచ్చే వేళకు గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి, నీళ్ళు కలిపే ఓపిక ఉన్నవాడికి పొద్దున్నే లేచే ఓపిక లేదా అని దెప్పకపోతే ఆమెకు తెల్లవారేది కాదు. నిద్రలోనే పోయారు. రైల్వే ఆసుపత్రిలో అంతమంది మంచాల పక్కన మేలుకుని కూర్చున్న నర్సు, తన కోసం ఎవరినీ మేలుకోనివ్వలేదు.

ఇలాంటి స్మృతి వ్యాసాలు నేను చాలా చదివాను. తెలుగులో చదివాను, హిందీలో చదివాను, ఇంగ్లీషులోనూ చదివాను. అన్నిటిలోనూ చనిపోయినవారు ఒకే మనిషి. ఆ మనిషి ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. సిస్టరమ్మగారు అనేవారు. బాగానే అనేవారు. ఆమెను పొగడడానికి నేను ఈ కలం పట్టలేదు. ఆమె పోయాక జరిపిన ఆదరణ కూడికలో మా తెలుగు సంఘం కార్యదర్శి ఆడిన ఒక అబద్ధాన్ని సరిదిద్దడానికి పట్టాను. ఈ వయసులో మిగిలిన ఓపిక అంతవరకే.

"ఆవిడకి నీలం రంగంటే ప్రాణం," అన్నాడాయన మైకు ముందు. "పరలోకపు రంగు కదా! అందుకే ఏటేటా ఇంటికి అదే వేయించేవారు. సమాధికి కూడా నీలమే వేద్దాం. ఆ రంగు నేనిస్తాను." కింద పీఠం మీద తన పేరు, పక్కన 'సమర్పణ' అనే మాట రాయించాలన్న కోరిక మాత్రం మైకులో చెప్పలేదు, తరవాత మేస్త్రీ చెవిలో చెప్పాడు. ఆయన పేరు లేని బెంచీ మా సంఘం హాల్లో లేదు. ఫ్యాన్ల రెక్కల మీద కూడా ఉంది, ఆగినప్పుడు చదువుకోవచ్చు.

ఏలూరు నుంచి వచ్చిన ఆమె మేనకోడలు వెళుతూ వెళుతూ నా చేతులు పట్టుకుంది. "పెదనాన్నగారూ, సమాధి పని మీరే చూడాలి. అందరూ నీలం అంటున్నారు. అత్త సంగతి మాకన్నా మీకే తెలుసు. మీ ఇష్టం."

తెలుసు. అదే చిక్కు.

మాది ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు. ముందు ఒకే పిట్టగోడ, మధ్యలో నడుమెత్తు అడ్డుగోడ. క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ గోడల రంగు సంగతి రైల్వేనే చూసుకునేది; మాకు నచ్చిందా లేదా అని అడిగినవాడు లేడు. సొంత గోడ వచ్చాకే తగాదాలు వచ్చాయి. నేను ఈ హిందీ ఊరి అలవాటు ప్రకారం దీపావళికి ముందు సున్నం వేయించేవాణ్ణి, తెల్లగా. ఆమె క్రిస్మస్‌కు ముందు వేయించేవారు. దాంతో దీపావళి నుంచి ఆమె సగం మాసిన బట్టలా ఉండేది. క్రిస్మస్ నుంచి నా సగం.

"మీరు తెల్లగా వేయించుకుని నా గోడని మురికిదాన్ని చేశారండీ అన్నయ్యగారూ," అనేవారు అడ్డుగోడ మీద మోచేతులు ఆనించి. "ఒక్క ఏడన్నా ఇల్లంతా ఒకేసారి కొత్తగా కనపడాలండి. మీరు డిసెంబరు దాకా ఆగకూడదా?"

"లక్ష్మీదేవి ఆగుద్దేటమ్మా?" అనేది నా భార్య లోపలి నుంచి. "నువ్వే ముందుకు రా."

"ఇప్పుడు గోడకి రంగు పుతాయీ చేయిస్తే పండగనాటికి భన్‌పురి ఫ్యాక్టరీల మసంతా నా గోడమీదే ఉంటదండి వదినగారూ. మీ లక్ష్మి ఆగదు, మా యేసయ్య ముందుకి రాడు. బస్, ఇంక ఇంతే."

ఆ మాట మీదే మా వదినామరదళ్ళు ఏళ్ళు గడిపారు. నా భార్య చనిపోయిన సంవత్సరం కూడా సున్నం ఆగలేదు. ఆ ఏడు మేస్త్రీని పిలిచి, దగ్గరుండి నా సగం వేయించినది సిస్టరమ్మగారే. దీపావళికే.

ఇక నీలం సంగతి. మా ఎదురింట్లో ఒక ముసలావిడ పక్షవాతంతో మంచాన పడింది. వీధంతా ఆమెను 'దాయి' అనేది, అంటే అమ్మ. పగలంతా ఆమె మంచం వరండాలో ఉండేది. సిస్టరమ్మగారు రోజూ రోడ్డు దాటి వెళ్ళి ఆమె ఒళ్ళు తుడిచి, వీపున పుండ్లు పడకుండా అటూ ఇటూ ఒత్తిగిల్లబెట్టి, ఆమె చేత తిట్లు తిని వచ్చేవారు. ఒక డిసెంబరులో, గోడకు ఏ రంగు వేయమంటావని ఆమెనే అడిగారు. దాయి ఆలోచించి, "అల్సీ ఫూల్" అంది. అవిసె గింజల పైరుకు పూసే పువ్వు. ఆమె పుట్టిన పల్లెలో చలికాలం చేలన్నీ ఆ లేత నీలమే.

నాకు ఒళ్ళు మండింది. "ఏటమ్మా, మీ ఇంటి రంగు ఎదురింటావిడ చెప్పడమేటి?"

"మరి చూసేది ఆవిడే కదండీ. నేను లోపల కూర్చుంటే నా గోడ నాకు కనపడుద్దా?"

"రేపు నా గోడకీ ఆవిడే చెబుతుందేమో!"

"చెప్పిందండి. మీ తెలుపు మీద ఎండ పడితే కళ్ళు పోతున్నాయంట. మీరు బాధపడతారని నేనే ఊరుకున్నా."

లోపల నా భార్య నవ్విన నవ్వు వీధి చివరికి వినిపించి ఉంటుంది.

"పోనీ, మీకు నీలం ఇష్టమేనా?" అన్నాను.

ఆమె రెండు చేతులూ చాచి గోళ్ళు చూపించారు. "రోజూ తెల్ల చీరలు నీలిమందులో జాడించీ జాడించీ ఇలా అయిపోయాయండి. నీలం చూస్తే చాలు, డ్యూటీకి లేటయిపోయినట్టు గుండె దడదడలాడుద్ది. నాకు అస్సలు గిట్టదు."

"అయితే మీకు నచ్చే రంగేది?"

"ఏమోనండి. ఎదురింట్లో ఉంటే తెలిసేది."

గోడ మీద జానెడు మేర నీలం వేయించి, మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని రోడ్డు దాటి, దాయి మంచం పక్కన వంగి, దాయి తల ఎత్తున తన తల పెట్టి చూశారు. మరీ ముదురుగా ఉందని మళ్ళీ కలిపించారు. "డబ్బాలో రంగుని నమ్మకూడదండి," అనేవారు. "అది పెళ్ళిచూపుల పిల్లాడి లాంటిది. ఎండలో నిలబెట్టాలి."

ఆ సంవత్సరమే కార్యదర్శి మా వీధిలో ఒక మాట వదిలాడు: ఆవిడ చర్చి రంగు పట్టుకొచ్చి వీధిలో పెట్టింది, రేపు శిలువ కూడా పెడుతుంది అని. ఈ మైకు ముందు నిలబడిన నోరే ఆ మాట అన్నది. ఎవరూ గుర్తుపెట్టుకోరనుకున్నాడు. నేను గుర్తుపెట్టుకున్నాను; నాకు ఆ జబ్బు ఉంది. సిస్టరమ్మగారు మాత్రం, "దాయికి చెప్పకండి, నవ్వితే దగ్గు తెరలొస్తాయి," అన్నారంతే.

దాయి పోయాక రంగు మారుతుందనుకున్నాను. అదే వరండాలో కోడలు కూర్చుని బియ్యం ఏరుకునేది. సిస్టరమ్మగారు వెళ్ళి ఆమెనూ అడిగారు. అలవాటైపోయింది, అదే ఉండనీ అందామె. మళ్ళీ నీలం. చచ్చేదాకా నీలం.

ఈ వాదం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మన గోడకు ఎదుటివాడు రంగు చెబితే, మన బతుకుకు కూడా వాడే చెబుతాడు. ఆ మాట ఆమెతో అన్నాను, చాలాసార్లు. "మీరు పుస్తకాలు ఎక్కువ చదివారండీ," అనేవారు, జ్వరం ఎక్కువగా ఉందని చెప్పే గొంతుతో.

నెల తిరిగేసరికి సమాధుల తోటలో సమాధి కట్టారు. బూడిద రంగు సిమెంటు. కార్యదర్శి రంగు డబ్బాతో సహా ముందే వచ్చి నిలబడ్డాడు.

"ఇది వేయడానికి వీల్లేదు," అన్నాను.

"అదేంటండీ! నీలమంటే ఆవిడకి ప్రాణం. ఊరంతా ఏళ్ళ తరబడి చూసిందిగా?"

"ఊరు గోడను చూసింది."

"పోనీ ఆవిడకిష్టమైన రంగేంటో మీరు చెప్పండి, అదే తెస్తా."

ఆ సంగతి ఆమె నాకూ చెప్పలేదు. ఆయన మేస్త్రీ వైపు చూసి నవ్వాడు. మేస్త్రీ డబ్బా మూత తీయడానికి వంగాడు. ఇంకొంచెం సేపయితే ఆమె ఎప్పటికీ ఆ నీలిమందు కిందే పడుకునేవారు. నేను కర్ర ఊతంగా నడవడం మొదలుపెట్టాను.

"ఎక్కడికండీ?"

"ఎదురింటికి."

సమాధికి ఎదురుగా పొట్టి ప్రహరీ, అవతల గుడిసెల వరస. ఒక గుమ్మం సరిగ్గా ఇటే చూస్తుంది. ఆ గుమ్మం ముందు ఒకావిడ పిడకలు పేరుస్తోంది. ఆ సమాధికి ఏ రంగు వేస్తే బాగుంటుందో చెప్పమన్నాను.

"మోర్ లే కాబర్ పూఛథస్, బబా?" అంది. నన్నెందుకు అడుగుతున్నావు తాతా అని.

"రోజూ చూసేది నువ్వే కదా," అన్నాను. అని, నా నోటి మీద నాకే కోపం వచ్చింది.

ఆమె చేతులు దులుపుకుని, కళ్ళకు ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. పక్కనున్న పాత సమాధుల రంగు చూపించి, వానలకు పెచ్చులు లేచి ఒంటి మీది తామరలా కనిపిస్తాయనీ, పొద్దున్న లేవగానే తాను అదే చూడాల్సి వస్తోందనీ చెప్పింది. తరవాత లోపలికి వెళ్ళి ఒక కుండ తెచ్చింది. దీపావళికి ఇల్లు పూసుకోగా మిగిలిన ఛుహీ, ఇక్కడివాళ్ళు గోడలకు పూసుకునే తెల్లమట్టి. నీళ్ళు పోసి కలిపి, ఎవరినీ అడగకుండా ప్రహరీ దాటి వచ్చేసింది. ఏటా దీపావళికి తన గుడిసె పూసుకునేటప్పుడు దీనికీ ఒక చెయ్యి వేస్తానంది. ఇల్లంతా ఒకేసారి కొత్తగా కనపడాలని అడిగిన సిస్టరమ్మగారు, చివరికి ఇలా క్రిస్మస్ నుంచి దీపావళికి ముందుకొచ్చారు.

"మరి పేరెక్కడ రాయించాలండీ?" అన్నాడు కార్యదర్శి.

"మట్టి మీద నిలవదండీ. వాన పడితే పోతుంది."

ఆయన డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు నిలబడే ఓపిక లేక ప్రహరీ మీద కూర్చున్నాను. పిడకలావిడ కుండలో గుడ్డ ముంచి, అరచేత్తో అర్ధచంద్రాల్లా పూసుకుంటూ పోయింది. ఛుహీ తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండదు, బురదలాగే ఉంటుంది. ఆమె చేతులు కడుక్కుని మళ్ళీ పిడకల దగ్గరికి వెళ్ళిపోయాక, ఎండ తగిలిన తలవైపు అంచు నుంచి, ఒక్కొక్క చేతి గీతే ఆరుతూ, తెల్లబడడం మొదలైంది.