కొనేవాడు కనిపించని రోజు

1986లో నరసరావుపేటలో నాకొక చిన్న పత్తి కమిషన్ దుకాణం ఉండేది. ముందు గదిలో బల్ల, ఫోను. వెనక రేకుల గోడౌన్. రాజుపాలెం, ఎడ్లపాడు వైపు రైతులు పత్తి బోరేలు, అంటే పెద్ద గోతాలు, తెచ్చి మా దగ్గర దించి వెళ్ళేవాళ్ళు. మంచి రేటు చూసి మిల్లులవాళ్ళకు అమ్మిపెట్టడం మా పని. బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడి చెయ్యీ మా చెయ్యీ ఒక తువాలు కింద కలిసేవి. వేళ్ళు నొక్కి రేటు చెప్పుకునేవాళ్ళం. పక్కనే నిలబడ్డవాడికి కూడా ఏమీ తెలిసేది కాదు.

సరుకు దించి వెళ్తూ ప్రతి రైతూ దాదాపు ఒకే రకం మాట చెప్పేవాడు. "సుభానీ, రేటు పెరిగితే నాకు కబురు పెట్టు. ఫలానా రేటు కిందికి పడితే మాత్రం నన్నడగమాక, అమ్మేయ్." ఇంతకంటే నష్టం భరించలేననే ఆ గీతనే పెద్ద బజార్లలో స్టాప్‌లాస్ అంటారు. ఆ మాట నాకు నేర్పింది సామ్యేలు మాస్టారు.

మాస్టారు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. టీచరు కాకముందు కొన్నాళ్ళు బొంబాయిలో ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో గుమాస్తాగా పనిచేశారట. సొంత సరుకేమీ లేదు. తమ్ముడు పోయాక, రాజుపాలెంలో కౌలు చేసుకుంటున్న మరదలు దీనమ్మ పత్తిని ఆయన కనిపెట్టుకుని ఉండేవారు. ఆ ఏడు దీనమ్మ ఎడ్లు రెండూ గొంతువాపుతో చచ్చిపోయాయి. పత్తి మంచి రేటుకు పోతేనే మళ్ళీ ఎడ్లజత. ఎడ్లు లేనివాళ్ళకు కౌలుకు పొలం ఎవరిస్తారు? ఆమె సరుకంతా నా గోడౌన్‌లో కుడి గోడ పక్కన ఉంది.

సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకు ఒక పొద్దున రేటు ఉన్నట్టుండి పడింది. వాన లేదు, మిల్లు ఏదీ మూతపడలేదు, గుంటూరు నుంచి కబురూ లేదు. నా రైతుల్లో సగం మంది చెప్పిన గీత దాటి కొంచెం కిందికి దిగింది. మాట ప్రకారం వాళ్ళ సరుకు అమ్మేశాను. మధ్యాహ్నానికి రేటు లేచి పాత చోటికి వచ్చింది. అదృష్టం బాగాలేదనుకున్నాను. మూడు వారాలు తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. సరిగ్గా రైతులు నాకు చెప్పిన గీత దాకా వచ్చి, దాన్ని తాకి, ఇంకాస్త కిందికి దిగి, వాళ్ళ బోరేలన్నీ బయటికి వెళ్ళాక రేటు వెనక్కి మళ్ళింది. దీనమ్మ సరుకుకు మాస్టారు అప్పటికింకా ఏ గీతా చెప్పలేదు గనక అది కదల్లేదు.

అప్పటి నుంచి నాకు దుకాణంలో కూర్చుంటే వీపు మీద ఎవరిదో చూపు ఉన్నట్టుండేది. రైతు రేటు చెప్పబోతే "మెల్లిగా చెప్పు" అనేవాణ్ణి. ఒకసారి గోడౌన్‌లోకి వెళ్ళి బోరేల వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసొచ్చాను కూడా. ఎవరూ లేరు. పత్తి వాసన, రేకుల సందుల్లోంచి పడే ఎండ, అంతే.

మాస్టారి దగ్గరికెళ్ళి చెప్పాను. "మాస్టారూ, నేను ఎవరికీ చెప్పలా. మా ఇంట్లో కూడా చెప్పలా. రేటుకి ఎట్టా తెలుస్తంది?"

ఆయన గోడకు అంటించిన గ్రాఫు కాగితం చూపించారు. రోజుకొక నిలువు గీత. గీత కింది కొన ఆ రోజు పడిన అడుగు రేటు, పై కొన ఎక్కిన రేటు. పక్కన చిన్న అడ్డగీత సాయంత్రం ఆఖరి బేరం, దాన్ని ఆయన క్లోజింగ్ అనేవారు. అన్ని రోజుల మీదుగా పాకే సన్నటి ఎర్రగీత యావరేజ్, అంటే గడిచిన కొద్దిరోజుల సగటు. రేటు పడి లేచిన ఆ రెండు రోజుల గీతలూ మిగతావాటిలా లేవు. పొడుగ్గా తోకలా కిందికి వేలాడుతున్నాయి. అడ్డగీతలు మాత్రం తోక పైన, ఎర్రగీతకు దగ్గర్లోనే ఉన్నాయి.

"నువ్వు చెప్పక్కర్లేదురా అబ్బాయ్. క్రితం సారి రేటు ఎక్కడ ఆగిందో అందరూ చూశారు. భయపడేవాడు ఆ ఆగిన చోటికి కాస్త కిందే గీత గీసుకుంటాడు. నువ్వూ అక్కడే, నేనూ అక్కడే. ఈ కాగితం గీసుకున్నవాడికి మన భయం ఎక్కడ ఉందో కనపడుద్ది."

"అంటే?"

"అంటే ఇట్టాంటి కాగితం ఇంకెవరో కూడా గీస్తన్నారు."

గోడౌన్‌లో మనిషి దాక్కున్నాడని తెలిసినా అంత భయపడేవాణ్ణి కాదు.

దీన్ని స్టాప్ హంటింగ్ అంటారని చెప్పారాయన. జనం భయపడే చోటు దాకా రేటును తోలి, వాళ్ళు వదిలేసిన సరుకు చవగ్గా ఏరుకుని, తర్వాత వదిలేయడం. "తోక పొడుగ్గా ఉండి, క్లోజింగ్ పాత అడుగు రేటుకు, అంటే క్రితం సారి ఆగిన చోటుకు, పైన పడితే అది వేట. క్లోజింగ్ కూడా కిందే పడితే నిజంగానే పడతన్నట్టు. మా దీనమ్మ సరుక్కి స్టాప్ పొద్దున రేటు మీద పెట్టమాక, క్లోజింగ్ మీద పెట్టు."

మార్చిలో ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కదలకుండా ఉండాలని రెండు కళ్ళకూ కట్టు కట్టి ఇంట్లో పడుకోబెట్టారు. సరిగ్గా అప్పుడే ఆ రోజు వచ్చింది.

పొద్దున మార్కెట్ యార్డులోకి అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. బండ్లు వరసగా ఉన్నాయి గానీ అరుపుల్లేవు. రోజూ ఎదురొచ్చే మిల్లు మనుషులు ఒక్కరూ కనపడలేదు. తువాళ్ళు భుజాల మీదే ఉన్నాయి. రేటు ఎవరూ పైకి అనకుండానే పడుతోంది. ఒక దళారీ మొహం చూసి ఇంకో దళారీ మొహం పాలిపోవడం, అంతే. కాసేపట్లో పాత అడుగు రేటు దాటేసింది. రైతులు తోసుకుంటూ వచ్చి అమ్మేయమన్నారు. నా పక్క దుకాణం వీరయ్య తన రైతుల సరుకంతా ఖాళీ చేశాడు. బోరేలు లారీల్లోకి ఎక్కుతూనే ఉన్నాయి.

దీనమ్మ రాజుపాలెం నుంచి మొదటి బస్సుకే వచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అన్నా, అమ్మేయ్. ఎడ్లు రాకపోతే పోయె, కౌలు కట్టటానికన్నా మిగిలిద్ది."

"ఉండమ్మా. మాస్టారిని అడిగొస్తా."

"ఆయనకు కళ్ళు కనపడటంలా, ఏం చెప్తాడన్నా!"

సైకిలెక్కి వెళ్ళాను. మాస్టారు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. కళ్ళ మీద తెల్లటి కట్టు. నేను చెప్పిన రేటు విని, గోడ మీద కాగితం తీసి ఇమ్మన్నారు. ఇచ్చాను. మునివేళ్ళతో కాగితమంతా తడిమారు. పెన్సిలు బలంగా నొక్కి గీసిన గీతలు ఆ వేళ్ళకు తెలుస్తున్నాయి. పాత తోకల దగ్గరికి రాగానే వేలు ఆగింది.

"వాన పడిందా?"

"లేదు మాస్టారూ."

"గుంటూరులో ఏమన్నా గొడవా?"

"ఏం లేదు. ఫోన్ చేశా."

"ఎవరు అమ్ముతున్నారు?"

"అందరూ."

"ఎవరు కొంటున్నారు?"

ఆలోచిస్తే ఎవరూ గుర్తు రాలేదు. ఆ పొద్దున ఒక్క కొనుగోలుదారుణ్ణి కూడా నేను చూడలేదు.

ఆయన కట్టు కట్టిన మొహం నా వైపు తిప్పారు. "కొనేవాడు లేకుండా అమ్మకం ఎట్టా జరుగుద్దిరా?"

తిరిగి వెళ్ళేసరికి దీనమ్మ గోడౌన్ గుమ్మంలో కూర్చుని ఉంది. సాయంత్రం దాకా ఆగుదామని చెప్పాను. ఆమె నన్ను తిట్టింది, ఏడ్చింది, ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మాస్టారి లెక్క తప్పితే ఆమె మొహం మళ్ళీ ఎట్లా చూడను?

రెండు దాటాక యార్డులో మిల్లు మనిషి ఒకడు కనపడ్డాడు. ఆ తర్వాత ఇంకొకడు. తువాళ్ళు భుజాల మీది నుంచి దిగాయి. సాయంత్రం ఆఖరి బేరానికి రేటు పాత అడుగు రేటును దాటి పైకి వచ్చేసింది.

పొద్దున కొన్నదెవరని ముగ్గురు దళారీలను అడిగాను. ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు, వాళ్ళు మూడోవాళ్ళ పేరు, మూడోవాడు మొదటివాడి పేరు. గేటు దగ్గర ఆఖరి లారీ పక్కన లేతరంగు సఫారీ సూటులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మా ప్రాంతం మనిషి కాదు. నన్ను చూసి, పుస్తకంలోంచి చదివినట్టు మెత్తగా అడిగాడు.

"రాజుపాలెం సరుకు రాలేదు. మీ దగ్గరే ఉంచారా?"

నా పేరు అడగలేదు. నేను చెప్పనూ లేదు. తల ఊపానో లేదో నాకే గుర్తులేదు. అతను చిన్నగా నవ్వి లారీ ఎక్కాడు. తర్వాత ఎవరినడిగినా ఆ మనిషి ఎవరో తెలియదన్నారు.

మాస్టారికి చెప్పాను. "ఎంత సరుకు రాలాలో ముందే లెక్క కట్టుకున్నోడికి ఏది రాలలేదో తెలవకుండా ఎట్టా ఉంటది?" అన్నారు.

ఇంకాస్త రేటు వస్తుందని దీనమ్మ సరుకు అట్లాగే ఉంచాం. కొద్ది వారాల తర్వాత మళ్ళీ తోక పడింది. ఈసారి నాకు ధైర్యం వచ్చింది. మధ్యాహ్నానికి రేటు లేస్తుంటే నా రైతులందరికీ ఆగమని చెప్పబోయాను. మాస్టారి కట్టు అప్పటికి తీసేశారు. సాయంత్రం దాకా నోరు విప్పవద్దన్నారు. రేటు లేచింది గానీ పాత అడుగు దాకా రాలేదు. అడ్డగీత దానికి కిందే పడింది. "మనం తోకలు నమ్ముతున్నామని వాడూ కనిపెట్టాడు. ఈసారి మనల్ని అమ్మకుండా ఆపటానికే కాసింత లేపాడు. రేపు పొద్దున్నే అమ్మేయ్," అన్నారు. దీనమ్మ సరుకు మర్నాడు పొద్దున పోయింది. అనుకున్నంత రేటు కాదు. కానీ అక్కడి నుంచి తొలకరి దాకా పత్తి రేటు తల ఎత్తలేదు. తోకను నమ్మి ఆగినవాళ్ళు ఆ ఏడు చాలా నష్టపోయారు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ వ్యాపారంలో ఉన్నాను. గ్రాఫు గీయడం నేనూ నేర్చుకున్నాను. గీత ఏం చెబుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. అదే గీతను అటువైపు నుంచి ఇంకెవరో చదువుతున్నారని మరిచిపోకుండా ఉండటమే కష్టం. నా రైతులెవరినీ అందరూ భయపడే చోట భయపడనివ్వలేదు. ఏ గీతనూ వరసగా రెండుసార్లు నమ్మలేదు.

ఆ ఏడు జూన్‌లో దీనమ్మ ఆ పత్తి డబ్బుతో కొన్న ఎడ్లను తోలుకుని దుకాణం ముందుకు వచ్చింది. నేను వాటి వీపు నిమురుతుంటే అడిగింది.

"అన్నా, ఆ కొన్నాయనకు నేనెవరో తెలుసంటావా?"

"తెలవదమ్మా. ఆయనకు మనమెవరం?"

ఆమె పలుపు చేతికి చుట్టుకుంది.

"నేనెవరో తెలవకుండా, నేను ఎక్కడ భయపడతానో ఎట్టా తెలిసిందన్నా ఆయనకు?"

గ్రాఫు సంగతి విడమరిచి చెప్పాను. విన్నది, తల ఊపింది. ఎడ్లను రోడ్డు మీదికి మళ్ళించేముందు మాత్రం ఒకసారి ఆగి, బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా మనుషుల మొహాలన్నీ చూసుకుని, అప్పుడు కదిలింది.