గోడౌనులోకి దూరిన ఓడ

1985 ఆగస్టు మొదటి వారంలో నన్ను విశాఖ ఓడరేవు మెరైన్ విభాగంలోని బెర్తింగ్ సెక్షనుకి బదిలీ చేశారు. హోదా యూడీసీ, అంటే గుమాస్తాల్లో రెండో మెట్టు. అప్పటికి నా వయసు నలభై ఒకటి. చదువు ఎస్సెస్సెల్సీ. లెక్కల్లో నాకు వచ్చినదంతా ఒక ఓడ పారేసిపోయిన పాత నావిగేషన్ పట్టికల పుస్తకంలోంచి సొంతంగా నేర్చుకున్నది.

మా సెక్షను పని మర్నాటి బెర్తింగ్ ప్రోగ్రాము తయారుచేయడం. ఏ ఓడని ఏ బెర్తులో కట్టాలి, ఏ గంటకి తేవాలి, పైలట్ ఎవరు, టగ్గులు ఎన్ని అన్నది ఒక కాగితం మీద పెట్టాలి. ఓడ కెప్టెన్ ఎంత అనుభవశాలి అయినా మా రేవులోకి తనంతట తాను రాడు. రేవు పైలట్ నిచ్చెన పట్టుకుని ఓడెక్కి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నటి కాలువలోంచి లోపలికి నడిపిస్తాడు. లోపల టర్నింగ్ బేసిన్ అనే చోట టగ్గులనే చిన్న పడవలు ఓడని తోసి, లాగి ముఖం తిప్పుతాయి. ఓడ నీటిలో ఎంతమేర మునిగి ఉంటుందో దాన్ని డ్రాఫ్టు అంటారు. అది ఎక్కువైతే పోటు వచ్చేదాకా బయటే ఆగాలి. ఈ లెక్కల్లో ఒక్క అంకె తప్పినా ఇనుము ఇనుముకి తగులుతుంది. అందుకని మా సెక్షనులో మొదటి రోజే ఒక మాట చెబుతారు: తప్పు జరిగాక దిద్దడం మన పని కాదు, జరగకుండా చూడడమే మన పని.

1986 ఫిబ్రవరిలో మా బావమరిది శ్రీను ఓడెక్కుతూ ఒక చిన్న కంప్యూటర్ మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. అతను సరుకు ఓడల మీద రేడియో ఆఫీసరు. "పది నెలల కాంట్రాక్టు బావగారూ. డిసెంబరులో వచ్చి తీసుకెళ్తా. ఈలోగా మీ లెక్కలకి పనికొస్తుందేమో చూడండి," అన్నాడు. అది టీవీకి తగిలిస్తే పనిచేస్తుంది. జ్ఞాపకశక్తి నలభై ఎనిమిది వేల అక్షరాలు. రాసిన ప్రోగ్రాము మామూలు పాటల క్యాసెట్టులో దాచుకోవాలి. తిరిగి ఎక్కించాలంటే టేప్ రికార్డరు అయిదు నిమిషాలు కీచుమంటుంది. కరెంటు పోతే దాచనిదంతా పోతుంది. ఒకసారి మూడు గంటల పని అలా పోయాక, ఇరవై నిమిషాలకొకసారి దాచడం మొదలుపెట్టాను.

దానితో వచ్చిన పుస్తకం రెండుసార్లు చదివాను. రెండోసారి పూర్తయ్యేసరికి నాకు ఆట ఒకటి తయారుచేయాలనిపించింది. ఆట అంటే మా రేవే. ఆడేవాడు పైలట్. ఓడని కాలువలోంచి తెచ్చి, బేసిన్లో తిప్పి, బెర్తుకి చేర్చాలి. ఇది నన్నెవరూ అడగలేదు. ఉద్యోగంలో నేను తయారుచేసిన ప్రతి కాగితం ఎవరో ఒకరు అడిగినదే, మర్నాటికి ఫైల్లోకి పోయేదే. నిన్నటి బెర్తింగ్ ప్రోగ్రాము మళ్ళీ ఒకసారి చూపించమని అడిగినవాడు ఇంతవరకు లేడు. అందుకని మొదట్లోనే నాకు నేను ఒక కొలత పెట్టుకున్నాను. డిసెంబరులోగా, ఈ ఆట ఆడినవాడు ఎవరూ చెప్పకుండా రెండోసారి కూచోవాలి. అలా కూచుంటే ఆట అయినట్టు, లేకపోతే కానట్టు. శ్రీను యంత్రం తీసుకెళ్ళిపోయాక క్యాసెట్టు ఉన్నా వేసి చూపించే దారి లేదు.

ఆదివారం ఉదయం మా హాలు మాది కాదు. వీధిలో సగం మంది టీవీ చూడడానికి వచ్చేవారు. నాకు దొరికింది రోజూ పొద్దున్న అయిదు నుంచి ఏడు, ఆదివారం మధ్యాహ్నం. ఆ వేళల్లోనే అయిదు నెలలు రాశాను. ఆరువందల నలభై లైన్లు అయింది. ఓడ అంటే ఏడు తెల్ల గళ్ళు. కొండ ఒక ముక్కోణం. గోడౌన్లు నాలుగు పెట్టెలు. చూడ్డానికి అంతే గాని, లోపల లెక్క నికార్సయినది. పెద్ద ఓడ ఇంజను ఆపినా వెంటనే ఆగదు, చుక్కాని తిప్పినా వెంటనే తిరగదు. ఆ ఆలస్యం ఎంతో సరుకు బరువుని బట్టి లెక్కకట్టి పెట్టాను. దానికే ఆరు వారాలు పట్టింది.

ఆ పైన ముప్ఫై ఒక్క అడ్డుకట్టలు పెట్టాను. అవి నా గొప్ప. ఒక్కొక్కటి ఒక్కో పాత సర్క్యులర్ చూసి రాసినది. నీరు చాలకపోతే కాలువలోకి రానివ్వదు. వేగం మించితే ఇంజను తానే తగ్గిస్తుంది. టగ్గు తాడు కట్టందే తిరగనివ్వదు. తప్పు మీట నొక్కితే తెర కింద "నాట్ పర్మిటెడ్" అని వస్తుంది.

జులైలో ఒక ఆదివారం అప్పలరాజుని భోజనానికి పిలిచాను. అతను టగ్గు మీద సారంగు, అంటే పడవ సిబ్బందికి పెద్ద. జాలరిపేట మనిషి. నన్ను బావా అంటాడు, మా ఆవిడ సత్యవతిని సెల్లెమ్మా అంటాడు. రేవులో నడిచే ఓడ సంగతి అతనికన్నా తెలిసినవాడు లేడని నా నమ్మకం.

కూచున్నాడు. మొదటి మీట నొక్కాడు. నాట్ పర్మిటెడ్. రెండోది నొక్కాడు. నాట్ పర్మిటెడ్.

"ఏటి బావా, ఇది నాను సెప్పిందేదీ ఇనదేటి?"

పోటు రాలేదని, ఆరు గంటల పోటుని ఆరు నిమిషాలకి కుదించానని, ఇంకా నాలుగు నిమిషాలు ఆగాలని వివరించాను.

"రేవులో ఎలాగూ పోటు కోసం కూసుంటన్నాం. ఆదోరం నీ ఇంటికొచ్చి కూడా కూసోమంటావేటి?"

నాలుగు నిమిషాలూ ఆగాడు. తర్వాత అతనేం నొక్కినా ఓడ బుద్ధిగా వచ్చి బెర్తుకి ఆనుకుంది. తెర మీద "వెరీ గుడ్" అని వచ్చింది. అప్పలరాజు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. అతను లేచి తుండు దులుపుకుని, "మా ఆపీసరు అవదంటాడు, నీ టీవీ కూడా అవదంటంది. ఇద్దరికీ బేదం లేదు బావా. సెల్లెమ్మా, ఆ సేపల పులుసు ఇంకా ఉందా?" అన్నాడు.

పులుసు రెండోసారి వేయించుకున్నాడు. ఆటకి రెండోసారి కూచోలేదు.

ఇరవై రోజులు నేను ఆ యంత్రం ముట్టలేదు. అతని మీద కోపం లేదు. నా మీదే అనుమానం. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతుక్కోవచ్చు. ఇక్కడ లెక్క ఎక్కడా తప్పలేదు. అన్నీ సరిగ్గా ఉండి, మొత్తం మీద ఏమీ లేకుండా పోవడం నాకు కొత్త. పొద్దున్న అయిదింటికి అలవాటుగా మెలకువ వచ్చేది. లేచి వీధి వాకిట్లో కూచుని పేపరు కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఇరవై ఒకటో రోజు ఆదివారం. మధ్యాహ్నం సత్యవతి స్టవ్ మీద పప్పు పెట్టి వచ్చి, "ఏవండీ, అయిదు నెలలు ఆ కీచు భరించాను. నేనూ ఒకసారి ఆడి చూస్తానండీ," అంది. ఆవిడది కాకినాడ. అనుకుంటే ఆగే మనిషి కాదు. క్యాసెట్టు ఎక్కించి ఇచ్చాను. తొందరలో రెండో వైపు పెట్టానని గమనించలేదు. ఆ వైపు ఉన్నది పరీక్ష కోసం చేసుకున్న ప్రతి. ఓడ ఆగడానికి ఎంత దూరం పడుతుందో కొలవడానికి అందులో అడ్డుకట్టలన్నీ తీసేసి ఉంచాను.

ఆవిడ ముందుకి మీట నొక్కి పట్టుకుంది. ఓడ కాలువలోంచి రివ్వున వచ్చింది. బేసిన్ దాటింది. బెర్తు మీదికి వెళ్ళింది.

"అయ్యో అయ్యో! ఏవండీ, గోడౌనులోకి దూరిపోతోందండీ!"

నా చెయ్యి దానంతటదే ప్లగ్గు మీదికి పోయింది. పదహారేళ్ళ సర్వీసు అలవాటు. ఆవిడ నా చెయ్యి మీద ఒకటి వేసింది. "ఆపకండి! ఎక్కడిదాకా పోతుందో చూద్దాం."

ఓడ నాలుగు గోడౌన్లూ దాటి, తెర కుడి అంచులో మాయమై, ఎడమ అంచున సముద్రంలో తేలింది. సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు. "ఊళ్ళో తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు ఎలా నించుందో చూడండి!" అంది. ఆపైన నన్ను అడగలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గుద్దకుండా ఆపాలని ప్రయత్నించింది. ఆగలేదు. మూడోసారి కాస్త ముందే ఇంజను ఆపింది. బెర్తుకి అటు పక్క కొండకి కొట్టింది. "ఇది మాట వినదేవిటండీ, ఎంత బరువేశారు దీనికి?" అంది. నేను గడియారం చూశాను. నలభై రెండు నిమిషాలు. పప్పు మాడిపోయింది.

మర్నాడు టగ్గుల జెట్టీ దగ్గర టీ తాగుతూ సారంగులు చెప్పుకునే మాటలు శ్రద్ధగా విన్నాను. తాడు తెగబోయిన రోజు, ఓడ ముక్కు బార దూరంలో ఆగిన రోజు, గాలికి టగ్గు అడ్డం తిరిగిన రోజు. సరిగ్గా వచ్చి సరిగ్గా కట్టిన ఓడ గురించి ఒక్కరూ చెప్పలేదు. అప్పటికి నాకు అర్థమైంది. నేను ఆడేవాడికి ఓడ ఇచ్చి, దాన్ని నడిపే పని మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఆఫీసులో చేసే పనే ఇంట్లోనూ చేశాను.

ముప్ఫై ఒక్క అడ్డుకట్టలకీ నోటుబుక్కులో నంబర్లు వేసి, ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. అంత సులువు కాలేదు. ఒక్కో లైను కొట్టేసినప్పుడల్లా ఎవరో పై అధికారి వెనక నుంచుని చూస్తున్నట్టుండేది. ఒక్కదాన్ని మాత్రం ఉంచేశాను. కాలువలో రెండు ఓడలు ఎదురెదురుగా రాకూడదన్నది. అందులో మనుషులు పోతారు, నవ్వడానికి ఏమీ లేదు. మిగతా ముప్ఫై పోయాక నూట తొంభై లైన్ల చోటు ఖాళీ అయింది. ఆ చోట మెమోలు రాశాను. తెలుగు అక్షరాలు దానికి రావు కనక ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు. ఓడ గోడౌనులో దూరితే: "మీ నావ గోడౌనులో ప్రవేశించినది. కారణము తెలుపవలెను." కొండకి కొడితే: "కొండ తన స్థానమున యథాతథముగా నున్నది. మీ నావ లేదు. సంజాయిషీ మూడు ప్రతులలో సమర్పించవలెను." అలాంటివి పన్నెండు.

నవంబరు చివరి ఆదివారం మా స్టాఫ్ క్లబ్బు వార్షికోత్సవం. టీవీని దుప్పటిలో చుట్టి రిక్షాలో తీసుకెళ్ళి, క్యారమ్స్ బల్ల మీద పెట్టాను. ఏమీ వివరించకూడదని సత్యవతి ముందే ఒట్టు వేయించుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని నుంచున్నాను.

అప్పలరాజు దూరం నుంచే, "నాను రాను బావా, నీ టీవీకీ నాకూ పడదు," అన్నాడు. వెనకనుంచి ఎవరో తోస్తే వచ్చి కూచున్నాడు. కాలువలోకి వేగంగా తెచ్చాడు. నాట్ పర్మిటెడ్ వస్తుందని ఆగి చూశాడు. రాలేదు. ఓడ వెళ్ళి జెట్టీని గుద్దింది. మెమో వచ్చింది. పక్కనున్న టైపిస్టు పైకి చదివాడు. అప్పలరాజు ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, బల్ల మీద చరిచి నవ్వాడు. "ఓర్నాయనో, ఇది నిజం ఓడే బావా! సెప్పింది ఇనదు, ఆపితే ఆగదు, ఆకర్న మెమో నాకే!" లేవలేదు. లైనులో ఉన్నవాళ్ళు లేవమంటే, "ఉండండొరే, ఈ మెమోకి జవాబియ్యాలి" అని మళ్ళీ మొదలుపెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి సీనియర్ పైలట్ కెప్టెన్ వర్మగారు వచ్చారు. ఇరవై ఏళ్ళలో ఓడకి గీత పడనివ్వని మనిషి. ఆయన వస్తే అందరూ లేచి నుంచున్నారు. కూచుని, నిటారుగా, నిదానంగా ఓడని తెచ్చి బెర్తుకి వేలెడు దూరంలో ఆపారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కాసేపు తెరని చూస్తూ కూచున్నారు. తర్వాత చుట్టూ ఒకసారి చూసి, "ఏమయ్యా, ఫుల్ స్పీడులో కొండకి కొడితే ఏమవుతుంది?" అని మెల్లగా అడిగారు. ఒట్టు ఉంది కనక నేను నోరు విప్పలేదు. ఆయనే కొట్టి చూశారు. మెమో చదువుకున్నారు. టై వదులు చేసుకుని మళ్ళీ కొట్టారు. మూడోసారి కొట్టినప్పుడు అప్పలరాజు, "కెప్టెన్ గారూ, తమరికి తొమ్మిది పెతులు బాకీ!" అన్నాడు. వర్మగారు అంత పెద్దగా నవ్వగా ఎవరూ ఇంతకుముందు వినలేదు.

ఆ రోజు ఇరవై మూడు మంది ఆడారు. పంతొమ్మిది మంది ఎవరూ చెప్పకుండా రెండోసారి కూచున్నారు. నోటుబుక్కులో గీతలు పెట్టి లెక్కించాను. ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో టీవీ ఒళ్ళో పెట్టుకుని, సత్యవతికి ఆ లెక్క మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ వింది.

డిసెంబరులో శ్రీను వచ్చి యంత్రం తీసుకెళ్ళాడు. క్యాసెట్టు ఒక ప్రతి అతనికిచ్చాను. ఓడ మీద తోటి ఆఫీసర్లు ఆడుతున్నారని, మెమోలు అడిగి అర్థం చెప్పించుకుంటున్నారని ఉత్తరం రాశాడు. నేను ఇంకో ఆట రాయలేదు, రాయడానికి యంత్రం లేదు.

తర్వాత సర్వీసులో నాకు చాలా ఫారాలు, పట్టికలు తయారుచేసే పని పడింది. ప్రతిదాన్నీ సంతకానికి పంపేముందు, దాన్ని వాడబోయే మనిషి చేతికిచ్చి, పక్కన కుర్చీ వేసుకుని మాట్లాడకుండా కూచునేవాణ్ణి. కలం ఎక్కడ ఆగితే అక్కడ నా తప్పు ఉన్నట్టు. ఎలా ఉందని అడిగితే మర్యాదకి బాగుందంటారు. అందుకని అడగడం మానేశాను. ఈ పద్ధతి ఏ సర్క్యులరులోనూ లేదు. రిటైరయ్యేదాకా అదే పాటించాను. ఎక్కడా తప్పలేదు.